పరుగు ఒకటే, పరీక్షలే వేరు

లండన్ ఒలింపిక్స్ మహిళల 1500 మీటర్ల ఫైనల్ 2012 ఆగస్టు 10న జరిగింది. దాని ఫలితం 2024 సెప్టెంబరులోనూ మారింది. మొదట గీత దాటిన టర్కీ రన్నర్ అస్లీ చకీర్ ఆల్ప్‌తెకిన్, ఆమె వెనకే వచ్చిన గామ్జే బులుత్ డోపింగ్ కేసుల్లో పతకాలు పోగొట్టుకున్నారు. మూడో స్థానంలో ఉన్న బహ్రెయిన్ రన్నర్ మర్యం యూసుఫ్ జమాల్‌కు స్వర్ణం దక్కింది. నాలుగో స్థానం నుంచి పైకి జరిగిన రష్యా రన్నర్ తత్యానా తొమషోవా మీద కూడా 2024లో వేటు పడింది. ఏడో స్థానం, తొమ్మిదో స్థానం సంగతీ అంతే. చివరికి ఐదో స్థానంలో వచ్చిన ఇథియోపియా రన్నర్ అబేబా అరెగావికి రజతం, ఆరో స్థానంలో వచ్చిన అమెరికా రన్నర్ షానన్ రోబరీకి కాంస్యం. పన్నెండేళ్ల తర్వాత ఒక మనిషికి తాను ఒలింపిక్ పతక విజేతనని తెలిసింది.

వీళ్లలో ఎక్కువమంది దొరికింది పరుగు ముగిశాక తీసిన శాంపిల్‌తో కాదు. ఏళ్ల తరబడి నమోదు చేసిన రక్తపు లెక్కలు కొందరిని పట్టించాయి. తీసి దాచిన పాత శాంపిళ్లను కొత్త యంత్రాల మీద మళ్లీ పరీక్షించడం ఇంకొందరిని పట్టించింది.

కోనసీమ కాలువ గట్ల మీద, రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో, కాకినాడ మైదానాల్లో తెల్లవారకముందే 1600 మీటర్లు పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. ఎక్కువమంది లక్ష్యం పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగమో, సైన్యమో. ఒకరిద్దరికి మాత్రం ఆ పరుగే రుచి మరిగి, జిల్లా పోటీలకు, రాష్ట్ర పోటీలకు వెళతారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా వాళ్ల నోట ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ‘పైకి వెళ్లాక అందరూ వాడతారట కదండీ?’ అవునని గానీ కాదని గానీ ఒక్కమాటలో చెప్పేవాళ్లను నేను నమ్మను. ఎవరి ఒంట్లో ఏముందో తెలియాలంటే ముందు వాళ్లను ఎన్నిసార్లు, ఏ రోజున, చెప్పి పరీక్షించారా చెప్పకుండానా అన్నది తెలియాలి. ఆ లెక్క దేశానికో రకంగా ఉంది.

భీమవరం, నరసాపురం వైపు రొయ్యల రైతులకు ఇది కొత్త సంగతి కాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ వంటి నిషేధిత యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయేమోనని రొయ్యలు పట్టడానికి ముందే చెరువు నుంచి శాంపిల్ తీసి పరీక్షిస్తారు. సరుకు ఐరోపా రేవుకు చేరాక అక్కడ మళ్లీ పరీక్ష ఉంటుంది. మన దేశం నుంచి వెళ్లే చెరువు సరుకులో పరీక్షకు తీసే వాటాను ఐరోపా యూనియన్ 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అలా పెంచిన ఏడాది తిరస్కరణలు ఎక్కువైతే, ఆ ఏడాదే రైతులందరూ మందులు చల్లడం మొదలుపెట్టారని ఏ రైతూ ఒప్పుకోడు. చూసే కళ్లు పెరిగాయంటాడు. పరీక్ష తేదీ ముందే తెలిసి, మందు ఆపేసి, అవశేషం దిగేదాకా ఆగి తీయించిన శాంపిల్ ఏం చెబుతుందో కూడా అతనికి తెలుసు. అథ్లెటిక్స్‌లో జరుగుతున్న గొడవంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

మధ్య దూరపు పరుగులకే ఈ అనుమానం ఎందుకు ఎక్కువగా పట్టుకుంది? 800 మీటర్లకు పురుషుల ప్రపంచ రికార్డు 1 నిమిషం 40.91 సెకన్లు. 2012లో లండన్‌లోనే కెన్యా రన్నర్ డేవిడ్ రుదీషా పెట్టాడు. 1500 మీటర్లకు 3 నిమిషాల 26 సెకన్లు. ఇంత తక్కువ సమయంలో అయిపోయే పరుగుకు కండబలమే చాలనిపిస్తుంది కానీ, 800లో సగానికి పైగా, 1500లో అంతకంటే చాలా ఎక్కువగా శక్తి ఆక్సిజన్ మీద ఆధారపడే పుడుతుంది. అంటే గుండె, ఊపిరితిత్తులు, రక్తంలోని ఎర్రకణాలు ఎంత ముఖ్యమో చివరి 200 మీటర్లలో తొడల సత్తువా అంతే ముఖ్యం. మోసం చేయదలచినవాడికి రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. ఎర్రకణాలను పెంచే ఈపీఓ ఒక దారి, కండను పెంచి అలసటను త్వరగా తీర్చే స్టెరాయిడ్లు మరో దారి. మారథాన్ రన్నర్‌కు మొదటిది, 100 మీటర్ల రన్నర్‌కు రెండోది ఎక్కువగా పనికొస్తుంది.

ఈపీఓ మన మూత్రపిండాలే తయారుచేసే హార్మోను. కృత్రిమంగా తయారైన మందుకు అమెరికాలో 1989లో అనుమతి వచ్చింది. కిడ్నీ జబ్బుతో రక్తం తగ్గిన రోగుల కోసం కనిపెట్టిన మందు అది. మన జిల్లాల డయాలసిస్ కేంద్రాల్లో ఇప్పటికీ ప్రాణం నిలిపే మందు. దాన్ని మూత్రంలో పట్టుకునే పరీక్ష ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2000లో, సిడ్నీలో. మధ్యలో దాదాపు పదేళ్లు తాళం లేని ఇల్లే. పరీక్ష వచ్చాక కూడా చిక్కు తీరలేదు. చిన్న చిన్న మోతాదుల్లో తీసుకుంటే మందు ఆనవాళ్లు ఒకటి రెండు రోజుల్లోనే, ఒక్కోసారి గంటల్లోనే మాయమవుతాయి. అది పుట్టించిన ఎర్రకణాలు మాత్రం మూడు నాలుగు నెలలు బతుకుతాయి. పోటీనాడు శాంపిల్ ఇచ్చేవాడి రక్తంలో మందు ఉండదు, ఫలం ఉంటుంది.

అందుకే పోటీల్లేని రోజుల్లో, చెప్పకుండా వచ్చి తీసే శాంపిలే అసలైన పరీక్ష. దానికోసం పై స్థాయి అథ్లెట్లు మూడు నెలలకోసారి తమ చిరునామాలన్నీ ముందే రాసివ్వాలి. ప్రతిరోజూ ఉదయం 5 నుంచి రాత్రి 11 లోపల ఒక గంట ఫలానా చోట తప్పకుండా ఉంటామని చెప్పాలి. 12 నెలల్లో మూడుసార్లు దొరక్కపోయినా, వివరాలు సరిగా ఇవ్వకపోయినా అదే నేరం. మందు వాడినట్టు రుజువు చేయనక్కర్లేదు. 2017లో 1500 మీటర్ల ప్రపంచ విజేతగా నిలిచిన కెన్యా రన్నర్ ఎలైజా మనంగోయ్ రెండేళ్లు పరుగుకు దూరమైంది దీనివల్లే. ఇది అన్యాయమని అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. మూడు అవకాశాలంటే తక్కువేమీ కాదు.

రెండో ఆయుధం 2009లో వచ్చిన రక్తపు పాస్‌పోర్టు. ఇందులో మందును వెతకరు. ఒక్కొక్కరి హిమోగ్లోబిన్, కొత్తగా పుట్టిన ఎర్రకణాల శాతం ఏళ్ల తరబడి నమోదు చేస్తారు. హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండి, కొత్త కణాలు బాగా తగ్గిపోతే బయటినుంచి ఏదో పడి, తర్వాత ఆపేశారని అనుమానం. శరీరం తన కార్ఖానాను మూసేసుకున్నదన్నమాట. అనుమానం వస్తే ముగ్గురు నిపుణులు పేరు తెలియని ఆ అంకెలను చూసి ఏకాభిప్రాయం చెప్పాలి. చకీర్ ఆల్ప్‌తెకిన్‌ను పట్టుకున్నది ఈ పాస్‌పోర్టే. అయితే ఎత్తైన చోట సాధన చేసినా హిమోగ్లోబిన్ సహజంగానే పెరుగుతుంది. కెన్యా రన్నర్ల ఊరు ఇటెన్ 2400 మీటర్ల ఎత్తున ఉంది. మనవాళ్లు ఊటీ వెళ్లేదీ అందుకే. సముద్రమట్టానికి మూడు నాలుగు మీటర్ల ఎత్తున పుట్టి పెరిగిన కోనసీమ రన్నర్ ఊటీలో నెల రోజులు ఉండి వస్తే రక్తం మారుతుంది. ఆ మార్పు కొండది అని చెప్పాలన్నా, మందుది అని చెప్పాలన్నా ఊటీ వెళ్లకముందు తీసిన శాంపిళ్లు ఉండాలి. రెండు శాంపిళ్లతో పాస్‌పోర్టు గీత గీయలేరు.

అసమానత మొదలయ్యేది ఇక్కడే. పాస్‌పోర్టు రక్తాన్ని చల్లగా ఉంచి, గంటల లెక్కన లేబొరేటరీకి చేర్చాలి. కెన్యా ప్రపంచానికి రన్నర్లను సరఫరా చేసినంత కాలంలో ఎక్కువ భాగం ఆ దేశంలో అలాంటి లేబొరేటరీయే లేదు. నైరోబిలో రక్త పరీక్షకు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా ఆమోదం వచ్చింది 2018లో. అంతకుముందు రక్తం విమానం ఎక్కాలి. మన పరిస్థితీ అటూ ఇటుగా అంతే. దేశం మొత్తానికి వాడా గుర్తింపు ఉన్న లేబొరేటరీ ఢిల్లీలో ఒకటే. అది కూడా ప్రమాణాలు సరిగా లేవని 2019 ఆగస్టు నుంచి 2021 డిసెంబరు దాకా సస్పెన్షన్‌లో ఉంది. ఆ కాలమంతా శాంపిళ్లు విదేశాలకు వెళ్లాయి. కాకినాడలో ఒక రన్నర్ రక్తం తీస్తే మధురపూడి విమానాశ్రయం మీదుగా ఢిల్లీ చేరాలి. మ్యూనిక్‌లోనో లండన్‌లోనో ఉండే రన్నర్‌కు ఇదంతా ఒక పూట పని.

‘చెప్పకుండా’ అన్న మాటకు కూడా దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. 1500 మీటర్లలో మూడుసార్లు ప్రపంచ విజేత, 2008 ఒలింపిక్ విజేత అస్బెల్ కిప్రోప్ 2017 నవంబరులో ఇచ్చిన శాంపిల్‌లో ఈపీఓ దొరికింది. నాలుగేళ్ల నిషేధం పడింది. శాంపిల్ తీసేవాళ్లు వస్తున్నారని ముందురోజే తనకు కబురు అందిందని కిప్రోప్ స్వయంగా చెప్పాడు. ప్రపంచ అథ్లెటిక్స్ తరఫున కేసులు చూసే ఏఐయూ అది నిజమేనని ఒప్పుకుంది. ముందే తెలిసి కూడా అతను ఎలా దొరికాడన్నది నాకిప్పటికీ అంతుపట్టదు. ఆ సంగతి పక్కన పెడితే, అదే అధికారి అంతకుముందు ఎంతమందికి కబురు పంపి ఉంటాడన్న ప్రశ్నకు ఏ లేబొరేటరీ దగ్గరా జవాబు లేదు. 2008 బీజింగ్ స్వర్ణం కూడా కిప్రోప్‌కు ట్రాక్ మీద వచ్చింది కాదు. మొదట వచ్చిన బహ్రెయిన్ రన్నర్ రషీద్ రమ్జీ డోపింగ్‌లో దొరికితే వచ్చింది.

2017లో ఏర్పడిన ఏఐయూ ఈ అసమానతను సరిచేయడానికి దేశాలను ప్రమాదాన్ని బట్టి వర్గాలుగా విడగొట్టింది. పై వర్గంలో ఉన్న దేశపు రన్నర్ ప్రపంచ పోటీలకు వెళ్లాలంటే అంతకుముందు పది నెలల్లో కనీసం మూడుసార్లు, పోటీ లేని రోజుల్లో, చెప్పకుండా పరీక్ష జరిగి ఉండాలి. ఆలోచన మంచిది. టోక్యో ఒలింపిక్స్‌లో దాని రెండో ముఖం కనిపించింది. నైజీరియా అథ్లెట్లు పదిమంది అక్కడిదాకా వెళ్లి బరిలో దిగలేకపోయారు. వాళ్లు దేనిలోనూ దొరకలేదు. వాళ్ల దేశపు సంస్థ వాళ్లను సరిగా పరీక్షించలేదు, అంతే. తప్పు కార్యాలయానిది, శిక్ష కాళ్లది.

మన దేశం లెక్కలు చూద్దాం. 2023లో భారత్ 5,606 శాంపిళ్లు తీస్తే 214 పాజిటివ్ వచ్చాయని వాడా నివేదిక చెప్పింది. 3.8 శాతం. ప్రపంచ సగటు ఒక శాతంలోపే. ఆ ఏడాది ఐదు వేలకు పైగా శాంపిళ్లు తీసిన దేశాల్లో ఇంత శాతం ఇంకెవరికీ లేదు. ఈ అంకెను రెండు రకాలుగా చదవవచ్చు. మనవాళ్లు ఎక్కువగా వాడుతున్నారన్నది ఒకటి. మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా ఇప్పుడు గురిచూసి పరీక్షిస్తోంది కాబట్టి ఎక్కువమంది దొరుకుతున్నారన్నది రెండోది. అధికారులకు రెండోది ఇష్టం. మనకంటే అయిదు రెట్లు శాంపిళ్లు తీసిన చైనాలో శాతం బాగా తక్కువ. కాబట్టి ‘ఎక్కువ వెతికాం, ఎక్కువ దొరికాయి’ అన్న సమర్థన ఒక్కటే నిలవదు. అలాగని ఆ తక్కువ శాతాన్ని చైనా నిజాయితీకి సర్టిఫికెట్‌గా గోడకు తగిలించలేం. తోచిన చోట తీసిన పదివేల శాంపిళ్ల కంటే సరైన వారంలో తీసిన వంద విలువైనవి.

2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీల్లో జరిగింది చూస్తే నేను మొదటి రకం చదువు వైపే మొగ్గుతాను. స్టేడియం మరుగుదొడ్లలో వాడేసిన సిరంజిలు పడి ఉన్న వీడియో బయటికి వచ్చింది. నాడా అధికారులు దిగారు. మరుసటి రోజు నుంచి రన్నర్లు మాయం. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో పరుగెత్తింది ఒకే ఒక్కడు. ఒక అమ్మాయి పరుగు ముగిశాక కూడా ఆగకుండా పరుగెత్తుతూనే ఉందని, శాంపిల్ తీసే అధికారి ఆమె వెంట పడాల్సి వచ్చిందని పత్రికలు రాశాయి. నవ్వు వస్తుంది కానీ అది రాష్ట్ర స్థాయి పోటీ. పతకం వస్తే ఉద్యోగం, సీటు, రిజర్వేషన్ వచ్చే మెట్టు. ఒలింపిక్స్‌కు వెళ్లేవాడి మూత్రం కోసం ఏడాదికి పదిసార్లు తలుపు తడతారు. పిల్లలు మందు అలవాటు చేసుకునే ఈ మెట్టు మీద మాత్రం అధికారి కనిపించడమే వార్త.

పరీక్ష మీద నమ్మకం లేనప్పుడు జనం గడియారాన్ని చూసి తీర్పు చెప్పడం మొదలుపెడతారు. మహిళల 800 మీటర్ల ప్రపంచ రికార్డు 1983 నాటిది. చెకోస్లొవేకియాకు చెందిన యర్మిలా క్రతోఖ్విలోవా మ్యూనిక్‌లో పెట్టిన 1 నిమిషం 53.28 సెకన్లు. నాలుగు దశాబ్దాలు దాటినా చెక్కుచెదరలేదు. ఆమె ఏ పరీక్షలోనూ దొరకలేదు, ఆరోపణలను ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆ కాలంలో పోటీలు లేని రోజుల్లో శాంపిల్ తీసే వ్యవస్థే లేనట్టు లెక్క. 1993లో బీజింగ్‌లో జరిగిన చైనా జాతీయ క్రీడల్లో కోచ్ మా జున్రెన్ శిష్యురాళ్లు రికార్డులను కుప్పలుగా బద్దలుకొట్టారు. తాబేలు రక్తం, కఠోర సాధన అని కోచ్ చెప్పాడు. ఆ రోజుల్లో చూ యున్షియా పెట్టిన 1500 మీటర్ల రికార్డు 2015 దాకా నిలిచింది. మందులు బలవంతంగా వాడించారని ఆ జట్టు రాసినట్టు చెప్పే లేఖ ఒకటి 2016లో చైనా పత్రికల్లోకి వచ్చింది. పురుషుల 1500 రికార్డు మొరాకో రన్నర్ హిషాం ఎల్ గెరూజ్ పేర 1998 నుంచి ఉంది. ఈపీఓ పరీక్ష రాకముందుది కాబట్టి అనుమానించేవాళ్లున్నారు. ఆయన ఎన్నడూ దొరకలేదు. పుట్టిన సంవత్సరమే నేరమైతే ఆ తరంలో నిజాయితీగా పరుగెత్తినవాడు ఎక్కడికి వెళ్లి చెప్పుకోవాలి?

ఇప్పటి వేగాలకు గడియారం ఇంకా తక్కువ నమ్మకమైన సాక్షి. కార్బన్ పలక ఉన్న కొత్త తరహా బూట్లు వచ్చాయి. ట్రాక్ అంచున పరుగెత్తే దీపాలు వేగాన్ని చూపిస్తున్నాయి. ఇవన్నీ అనుమతి ఉన్నవే. 2023 జూన్‌లో ఫెయిత్ కిప్యెగోన్ 1500 మీటర్లను 3 నిమిషాల 49.11 సెకన్లలో ముగించినప్పుడూ, 2025 జూలైలో దాన్ని 3 నిమిషాల 48.68కి తగ్గించినప్పుడూ ‘కెన్యా కదా’ అన్న గుసగుస వినిపించింది. ఆ గుసగుసకు ఆధారం ఆమె శాంపిల్ కాదు, ఆమె ఏ దేశపు మనిషి అన్నది. అలాంటి వేగం ఐరోపా అమ్మాయి చూపిస్తే వ్యాఖ్యాతలు ముందు బూట్ల గురించి మాట్లాడతారు.

పరీక్ష కూడా పొరబడుతుందని చెప్పడానికి ఆస్ట్రేలియా 800 మీటర్ల రన్నర్ పీటర్ బోల్ ఉన్నాడు. టోక్యోలో నాలుగో స్థానం అతనిది. ఒకేసారి తీసిన శాంపిల్‌ను ఎ, బి అని రెండు సీసాల్లో పోస్తారు. 2023 జనవరిలో అతని ఎ శాంపిల్‌లో ఈపీఓ ఉందన్నారు, పేరు బయటికి వచ్చింది. బి శాంపిల్ దాన్ని ధ్రువీకరించలేదు. ఈ పరీక్షలో జెల్ మీద కనిపించే మచ్చను చూసి అది సహజమా కృత్రిమమా అని మనిషే నిర్ణయించాలి. ఇతర నిపుణులు చూసి అది అతని సొంత ఈపీఓయే అన్నారు. ఆగస్టులో కేసు మూసేశారు. బోల్‌కు మంచి లాయర్లు, విదేశీ నిపుణులు దొరికారు. మన జిల్లా నుంచి వెళ్లిన రన్నర్‌కు బి శాంపిల్ అడిగే హక్కు తనకుందని కూడా తెలియకపోవచ్చు.

మరి అసలు ఎంతమంది వాడుతున్నారు? 2011 దేగు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పేరు బయటపడని పద్ధతిలో అథ్లెట్లనే అడిగిన అధ్యయనం ఒకటుంది. గడచిన ఏడాదిలో డోపింగ్ చేసినవాళ్లు సుమారు 44 శాతమని దాని అంచనా. అదే పోటీల్లో శాంపిళ్లలో దొరికినవాళ్లు ఒక శాతంలోపు. ప్రశ్నను సరిగా చదవకుండా తొందరగా నొక్కినవాళ్ల వల్ల అంచనా పెరిగి ఉండవచ్చన్న విమర్శ ఉంది. ఎంత తగ్గించి లెక్కేసినా ఒక శాతానికి దిగదు. ‘అందరూ’ అనడానికి అది చాలదు. సగానికి పైగా వాడలేదన్నది కూడా అదే అంచనా చెబుతోంది, ఆ సగాన్ని ఎవరూ పట్టించుకోరు.

పోలీసు ఉద్యోగానికి పరుగెత్తే పిల్లలకు ఇదంతా దూరపు కథ. అది క్రీడాపోటీ కాదు కాబట్టి నాడా పరిధిలోకి రాదు. వాళ్లలోంచి రాష్ట్ర జట్టుకు వెళ్లే ఒకరిద్దరికి మాత్రం ప్రమాదం ఇంటి పక్కనే ఉంది. శరీరంలో ఏం దొరికినా బాధ్యత అథ్లెట్‌దే. తెలియదన్నది జవాబు కాదు. ఒళ్లునొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే సూదిలో చాలాసార్లు ఉండేది డెక్సామెథసోన్ రకపు స్టెరాయిడ్. 2022 నుంచి ఈ రకం మందులను సూది ద్వారా ఏ విధంగా తీసుకున్నా పోటీ సమయంలో నిషేధం. జిమ్‌లో డబ్బా మూత తీసి చెంచాతో పోసిచ్చే ప్రొటీన్ పొడిలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది సెలైన్. నీరసమంటే చాలు, సీసా తగిలించడం మన దగ్గర మర్యాదలో భాగమైపోయింది. వాడా నిబంధన ప్రకారం 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు మించి నరంలోకి ఏ ద్రవం ఎక్కించినా నిషేధిత పద్ధతే, అది ఉత్త ఉప్పునీరే అయినా. నీరు ఎక్కితే రక్తం పలచబడి హిమోగ్లోబిన్ అంకె దిగుతుంది, పాస్‌పోర్టును మోసగించడానికి అది పాత ఉపాయం. మామూలు సెలైన్ సీసా 500 మిల్లీలీటర్లు. ఆస్పత్రి చికిత్సలో, ఆపరేషన్‌లో, వ్యాధి నిర్ధారణ పరీక్షల్లో భాగంగా ఎక్కించినదానికి మాత్రమే మినహాయింపు ఉంది. ముమ్మిడివరంలోనో పాలకొల్లులోనో ఒక అమ్మాయి జాతీయ పోటీలకు ముందు జ్వరం వచ్చి సెలైన్ పెట్టించుకోవాల్సి వస్తే, అది ఆస్పత్రిలోనే జరగాలి. ఏ మందు, ఎంత, ఎందుకు, ఏ తేదీన అన్నది రాసి, డాక్టరు సంతకంతో, ఆస్పత్రి ముద్రతో ఉన్న కాగితం అదేరోజు తీసుకుని దాచుకోవాలి.